రెండు చెవులా విన్నాను

మా ఇంట్లో సంగీతం ఎప్పుడూ ముందు గదిలో ఉండేది. నేను వంటింట్లో ఉండేదాన్ని. పెళ్ళయిన కొత్తలో, పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వస్తూంటే ఒక చెవి దానికిచ్చి, రెండోది పొయ్యి మీద పాలకిచ్చేదాన్ని. రానురాను ఆ రెండో చెవిని కుక్కరు విజిలూ, పిల్లల ఏడుపూ, "ఏమోయ్, నా కళ్ళజోడు ఎక్కడ?" అన్న కేకా పంచుకున్నాయి. పల్లవి వింటే చరణం వినలేదు. చరణం వింటే పాలు పొంగాయి. శ్రీరామనవమి పందిట్లో కచేరీకి వెళ్ళినా అంతే. అవతల మృదంగం ఆయన తని మొదలెట్టగానే ఇవతల నేను చంకన పిల్లతో లేచేదాన్ని. ఇంటికెళ్ళి అన్నం పడెయ్యాలిగా! ఏ కచేరీలోనూ మంగళం దాకా కూర్చున్న పాపాన పోలేదు.

ఇదంతా నాకేదో పెద్ద కష్టంలా తోచిందనుకోకండి. సంగీతం అంటే ఇలాగే వింటారు కాబోలు అనుకున్నాను. అలా కాదని తెలియడానికి నాకు అరవై రెండేళ్ళు పట్టింది. అందుకు వియన్నా దాకా వెళ్ళవలసి వచ్చింది.

వెళ్ళింది సంగీతం కోసం కాదు సుమా! మా అమ్మాయికి ఎనిమిది నెలల పిల్లాడు. దాని సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరే రోజులు. "మూడు నెలలు వచ్చి ఉండమ్మా" అంది. వీసా ఇచ్చేది ఎలాగూ 90 రోజులే. చీరల మధ్య ఆవకాయ సీసా చుట్టుకుని ఏప్రిల్ మొదట్లో దిగాను. మావారు "నాకు విమానాలు పడవు" అంటూ ఇంటి దగ్గరే ఉండిపోయారు.

ఆ ఊళ్ళో సంగీతం మన దగ్గర ఇడ్లీ హోటళ్ళంత విరివి. మొజార్టు బతికిందీ పోయిందీ అక్కడే. బెతోవెన్ అంతే. షూబర్ట్ అయితే అక్కడే 1797లో పుట్టి, 31 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. బెతోవెన్ తొమ్మిదో సింఫనీ 1824 మే 7న మొదటిసారి వినిపించింది ఈ ఊళ్ళోనే. అప్పటికి ఆయనకు చెవులు బొత్తిగా వినిపించవు. జనం చప్పట్లు కొడుతూంటే తెలియక అటు తిరిగే ఉంటే, పాడిన అమ్మాయి ఒకావిడ భుజం పట్టుకుని ఇటు తిప్పిందని చెప్పుకుంటారు. అది చదివి నాకు సిగ్గేసింది. వినపడని మనిషి అంత చేశాడు. రెండు చెవులూ ఉండి నేనేం విన్నాను?

వెళ్ళిన మూడో వారం అల్లుడు ఆపెరాకి రెండు టికెట్లు తెచ్చాడు, తనకీ మా అమ్మాయికీ. తీరా ఆ సాయంత్రం పిల్లాడికి పన్ను వస్తోందేమో, ఒకటే చిరాకు. తల్లిని వదలడు. "అమ్మా, నువ్వు వెళ్ళు" అంది మా అమ్మాయి. నా గుండె గుభేలుమంది. అల్లుడి పక్కన మూడు గంటలు ఆపెరాలోనా! మా అత్తగారు బతికి ఉంటే ఏమనేదో! నేను ససేమిరా అన్నాను. "టికెట్టు దండగవుతుంది అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. దండగ అన్న మాట చెవిన పడితే మన ఆడవాళ్ళం ఇంక ఆగుతామా? పట్టుచీర మీద అమ్మాయి కోటు తొడుక్కుని, చెప్పుల్లో మేజోళ్ళతో బయల్దేరాను.

అది నిలబడి చూసే టికెట్టని అక్కడికి వెళ్ళాక తెలిసింది. మంచి సీటు కావాలంటే 200 యూరోలు దాటుతుందట. నిలబడితే 20 లోపే. కొమ్ములు తిరిగిన విద్వాంసుల పాట పేదవాడు కూడా వినాలని ఆ ఏర్పాటు. నిలబడేవాళ్ళకి ముందు ఒక కమ్మీ ఉంటుంది. వచ్చినవాళ్ళు దానికి మఫ్లరో స్కార్ఫో ముడేసి, హాయిగా బయటికెళ్ళి కాఫీ తాగి వస్తారు. ఆ చోటు ఇంక వాళ్ళదే, ఎవరూ ముట్టుకోరు. నాకు ఒకటే నవ్వు. మన బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టమూ? అక్షరాలా అదే! కాకపోతే మన దగ్గర కర్చీఫు తీసి కింద పడేసి కూర్చునే మహానుభావులూ ఉంటారు. నేనూ నా శాలువా ముడేశాను.

ఆ భవనం తెరిచింది 1869లో. 1945 మార్చిలో బాంబులు పడి చాలా భాగం కాలిపోయింది. పాట మాత్రం ఆపలేదు వాళ్ళు, వేరే థియేటర్లలో ఆడుతూ వచ్చారు. తిరిగి కట్టుకుని 1955 నవంబరు 5న మళ్ళీ తెరిచారు. ఇవన్నీ అల్లుడు చెబుతూంటే మా ఇద్దరి మొహమాటం కాస్త తగ్గింది.

ఆ రోజు ఆడింది మొజార్టు రాసిన 'ఫిగరో పెళ్ళి'. 1786లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడారు. పాటలు ఇటాలియనులో. కమ్మీ దగ్గర చిన్న తెర మీద ఇంగ్లీషులో అర్థం వస్తుంది. దొర కన్ను పనిపిల్ల మీద పడటం, ఆ పిల్లా దొరసానీ కలిసి దొరకి బుద్ధి చెప్పటం కథ. మధ్యలో దొరసాని ఒక్కతే నిలబడి, ఆయనకు నా మీద ఉన్న ప్రేమ ఎటుపోయిందని పాడుతుంది. వెక్కివెక్కి ఏడవదు. కేకలు పెట్టదు. గొంతు సన్నగా, నిబ్బరంగా సాగిపోతుంది.

ఆ పాట అవుతూంటే నా ఒళ్ళు దేనికోసమో ఎదురుచూస్తోందని గమనించాను. మూడో విజిలు కోసం! నమ్మండి, ఏడు సముద్రాల అవతల, ఎర్ర వెల్వెట్టు మధ్య నిలబడి నా రెండో చెవి కుక్కరు విజిలు కోసం వెతుకుతోంది. విజిలు రాలేదు. ఎవరూ పిలవలేదు. నా పేరు ఎవరికీ తెలియదు అక్కడ. అప్పుడు ఆ రెండో చెవి కూడా మెల్లగా వచ్చి మొదటి చెవి పక్కన చేరింది. పాట మొత్తం విన్నాను. కళ్ళ నీళ్ళు కారిపోతూంటే, కోటు లోపల బట్టలు పెట్టే చోట ఇచ్చేశామే, అందులో చేతిరుమాలు ఉండిపోయిందే అని అదో దిగులు! పక్కనున్న ముసలావిడ మాట్లాడకుండా కాగితం రుమాలు నా చేతిలో పెట్టింది. అల్లుడు చూడనట్టు ఊరుకున్నాడు. మంచివాడు.

ఇంక నాకు రుచి మరిగింది. వారానికొకటి చొప్పున వెళ్ళాను. మే నెలలో నగరోత్సవాలు మొదలవుతాయి. మునిసిపాలిటీ భవనం ముందు మైదానంలో మొదటి రోజు ఉచితం. మ్యూజిక్‌ఫెరైన్ అని 1870లో కట్టిన భవనం ఒకటుంది. అందులో బంగారు హాలు. సీట్లు 1744, వెనకాల నిలబడేవాళ్ళకు మరో 300 మంది చోటు. గోడల వెంట నిలువెత్తు బంగారు ఆడబొమ్మలు. కప్పు మీద కళల దేవతలు. మనం నగల కొట్టులో తప్ప అంత బంగారం ఒక్కచోట చూడం.

అక్కడి మర్యాదలు వేరు. మనలా తల ఊపకూడదు, తొడ మీద తాళం వెయ్యకూడదు, "ఆహా" అనకూడదు. ఒక భాగం అయిపోయి రెండోది మొదలయ్యే లోపల చప్పట్లు కొట్టకూడదు. నాకేం తెలుసు? మొదటి భాగం అవగానే రెండు చప్పట్లు చరిచేశాను. అంత హాల్లో నావి రెండే! చెంపలు వేసుకున్నంత పని చేశాను. అన్నట్టు, దగ్గు వస్తే ఆ సందులోనే దగ్గాలి. అందరూ దాచి దాచి ఒక్కసారి దగ్గుతారు, అదో కచేరీ! నేను మాత్రం లవంగం బుగ్గన పెట్టుకుని నెట్టుకొచ్చాను.

ఆ హాలే వియన్నా ఫిల్హార్మోనిక్ వారి పుట్టిల్లు లాంటిది. ఆ బృందం మొదలైంది 1842లో. అందులో మొట్టమొదటి సారి ఒక ఆడమనిషిని సభ్యురాలిగా చేర్చుకున్నది 1997లో! అనా లెల్కెస్ అని హార్ప్ వాయించే ఆవిడ. అంతకు ముందు ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ వాళ్ళతో కలిసి వాయిస్తూనే ఉంది. సభ్యుల జాబితాలో మాత్రం పేరు లేదు. చుట్టూ బంగారు ఆడబొమ్మల్ని నిలబెట్టుకున్నారు గానీ, వాయించే ఆడమనిషికి పేరు ఇవ్వడానికి నూటయాభై ఏళ్ళు పైనే పట్టింది. మనదే వెనకబడ్డ దేశం అనుకుంటాం!

ఈ మాట ఇంటికొచ్చి మా అమ్మాయితో ఆవేశంగా చెబుతున్నాను. అది పిల్లాడి బట్టలు మడతపెడుతూ ఊఁ కొడుతోంది. ఒక చెవి నా మీద, ఒక చెవి ఉయ్యాల మీద. చటుక్కున ఆగిపోయాను.

"అవునే, నాలుగేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉన్నావు. నువ్వెన్నిసార్లు వెళ్ళావు?"

"రెండుసార్లు. వీడు పుట్టాక లేదు."

"మరి వారం వారం నన్ను పంపిస్తున్నావే!"

"నువ్వు ఉండేది మూణ్ణెల్లేగా అమ్మా. నాదేముంది, నేను ఎప్పుడైనా వెళ్ళచ్చు."

ఆ 'ఎప్పుడైనా' నాకు బాగా తెలుసు. నా వీణ అటకెక్కింది ఆ మాట పట్టుకునే. మా అత్తగారు వాయించొద్దని ఏనాడూ అనలేదు. "ఇప్పుడెందుకమ్మా, ఎప్పుడైనా తీరిగ్గా వాయించుకోవచ్చు, ముందు ఆ పప్పు రుబ్బు" అనేది. నలభై ఏళ్ళుగా ఆవిడ మీద ఆ నేరం మోపి బతికాను. కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. ఇంటర్లో చేరగానే మాన్పించింది ఎవరు? అత్తగారు కాదు, మావారు కాదు. "ముందు ఎంట్రన్సు కానీ, ఎప్పుడైనా మళ్ళీ నేర్చుకోవచ్చు" అన్నది నేనే. అచ్చం ఆవిడ గొంతుతోనే అని ఉంటాను.

మర్నాడు అల్లుణ్ణి కాన్సర్ట్‌హౌస్‌లో టికెట్టు ఒకటి తెమ్మన్నాను. 1913లో తెరిచిన పెద్ద సంగీత మందిరం అది. వయొలిన్ ముఖ్యంగా సాగే బెతోవెన్ రచన ఒకటి ఉంది ఆ శుక్రవారం. "నేను వెళ్ళను, వీడు ఉండడు" అంది మా అమ్మాయి. "ఉండకపోతే ఏడుస్తాడు. నువ్వు చిన్నప్పుడు ఏడవలేదా? వెళ్ళు" అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొచ్చింది. చివరికి తలుపు గడియ పెట్టేశాను.

పిల్లాడు నిజంగానే గంటసేపు ఏడ్చాడు. ఎత్తుకుని తిప్పుతూ తిప్పుతూ ఏవో జోలలు పాడాను. అవి అయిపోయాక ఎప్పుడో వీణ మీద నేర్చుకున్న మోహన వర్ణం స్వరాలు వాటంతటవే నోట్లోకి వచ్చాయి. మధ్యలో ఎక్కడా తడుముకోలేదు. వాడికి ఏం నచ్చిందో, భుజం మీద నిద్రపోయాడు.

పదిన్నరకు వచ్చింది మా అమ్మాయి. ఎలా ఉందని అడిగితే జవాబు లేదు. "ఆకలేస్తోందమ్మా, ఏదైనా పెట్టు" అంది. పెరుగన్నంలో ఆవకాయ వేసిచ్చాను. కుడిచేత్తో తింటూ కూర్చుంది. ఎడమచేతి వేళ్ళు మాత్రం బల్ల అంచు మీద కదులుతున్నాయి, తీగ నొక్కినట్టు ఒకటీ రెండూ మూడూ. దానికి తెలియదు. నేనూ చెప్పలేదు.

జూన్‌లో షోన్‌బ్రున్ రాజభవనం తోటలో వేసవి రాత్రి కచేరీకి అందరం కలిసి వెళ్ళాం. 2004 నుంచి ఫిల్హార్మోనిక్ వాళ్ళు ఏటా చేసే కచేరీ ఇది. టికెట్టు లేదు, గడ్డిలో ఎక్కడైనా కూర్చోవచ్చు. అల్లుడు పిల్లాణ్ణి గుండెకు కట్టుకున్నాడు. 1762లో ఆరేళ్ళ మొజార్టు మహారాణి ముందు వాయించింది ఆ భవనంలోనే. పక్కనే పదకొండేళ్ళ అక్క కూడా వాయించింది. తరవాత పెళ్ళీడు వచ్చిందని తండ్రి అక్కను ఇంటి దగ్గర ఉంచి తమ్ముణ్ణి ఇటలీకి తీసుకెళ్ళాడు. ఆ పిల్లకీ ఎవరో 'ఎప్పుడైనా' అనే చెప్పి ఉంటారు. చీకటి పడ్డాక చివర్న స్ట్రౌస్ వాల్ట్జ్ వాయించారు. అదే వాళ్ళ మంగళం. ఈసారి నేను లేవలేదు. మా అమ్మాయీ లేవలేదు.

వచ్చే నెల నుంచి మళ్ళీ వయొలిన్ మొదలెడతానని మొన్న ఫోనులో చెప్పింది. నమ్మకం ఏమీ పెట్టుకోలేదు. కానీ ఈసారి 'ఎప్పుడైనా' అనలేదు, 'మంగళవారం' అంది.

ఇక నా సంగతి. వీణకు తీగలు మార్పించాను. వేళ్ళు సహకరించటం లేదు, అది వేరే బాధ. రోజూ సాయంత్రం అరగంట మాత్రం ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని పాట వింటాను, రెండు చెవులా. మొదటి రోజు మావారు వచ్చి చూసి, "కుర్చీకి ఆ తువాలు ముడేశావేమిటోయ్?" అన్నారు.

"రిజర్వేషనండీ" అన్నాను. "కాఫీ డికాషను ఫ్లాస్కులో ఉంది. పాలు మీరే కాచుకోండి, పొంగకుండా చూసుకోండి!"