ఫోన్‌లో ఆఫ్, మోటరు మాత్రం ఆన్

మా కోరుట్ల ఇంట్లో మొన్నమొన్నటి దాకా నీళ్ళ ట్యాంకికి సెన్సర్ మా అత్తమ్మే. బోరు మోటరు వేసి వంటింటి గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ కూర్చునేది. ట్యాంకి ఖాళీగా ఉన్నప్పుడు నీళ్ళు డబడబా పడతాయి. సగం దాటాక ఆ చప్పుడు సన్నబడుతుంది. నిండబోయే ముందు దాదాపు వినిపించదు. అప్పుడు చాట మీంచి తల ఎత్తకుండానే "ఇగ బంద్ చెయ్యి బిడ్డా" అనేది. పైకి వెళ్ళి చూస్తే నీళ్ళు అంచుకు జానెడు కింద ఉండేవి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె లెక్క తప్పింది చాలా తక్కువ.

మా ఆయన దుబాయిలో ఉంటారు. మా వైపు ఇది కొత్త సంగతి కాదు, మా గల్లీలో సగం ఇళ్ళు అట్లాంటివే. పోయిన సంవత్సరం అక్కడి నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయనతో ఒక డబ్బా పంపించారు. పిల్లల బట్టలు, చాక్లెట్లతో పాటు అందులో ఫోన్‌తో నడిచే వైఫై స్విచ్ ఒకటి, మనిషి కదిలితే లైటు వెలిగించే సెన్సర్ ఒకటి, చిన్న కెమెరా ఒకటి ఉన్నాయి. "అమ్మ ఇగ మోటరు కోసం లేవొద్దు. నేను ఇక్కడి నుంచే వేస్తా" అన్నారు ఫోన్‌లో. ఆ గొంతులో సంబురం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి, ఇంట్లో ఒక స్విచ్ తన చేతిలో ఉంటే అదే పదివేలు.

మోటరుకు వైఫై స్విచ్ పెట్టించాం. రెండు నెలలు బాగానే నడిచింది. పొద్దున ఆరింటికి ఆన్, ఇరవై అయిదు నిమిషాలకు ఆఫ్. అత్తమ్మకు మాత్రం నచ్చలేదు. "నీళ్ళు నిండినయో లేదో చూడకుంట గడియారం చూసి బంద్ చేసుడేంది?" అనేది. ఆ మాటలో ఎంత విషయం ఉందో నాకు తర్వాత తెలిసింది.

మా తమ్ముడి కూతురి తొట్టెల కార్యానికి నేను పిల్లలతో సిరిసిల్ల వెళ్ళాను. సాయంత్రం అత్తమ్మ ఫోన్ చేసింది. "నీళ్ళు ఇంకా పడుతున్నయి బిడ్డా, మోటరు బంద్ కాలె" అంది. నేను ఫోన్ తెరిచి చూశాను. ఆఫ్ అని ఉంది. "బందే ఉంది అత్తమ్మా, పక్కింటోళ్ళది వినిపిస్తున్నట్టుంది" అన్నాను. "మన ట్యాంకి చప్పుడు నాకు తెల్వదా?" అంది. చుట్టూ చుట్టాలు, చేతిలో పసిపాప. "ఫోన్‌లో ఆఫ్ ఉంది కదా, నువ్వేం లేవకు" అని పెట్టేశాను. దుబాయిలో మా ఆయన కూడా చూసుకున్నారట. ఆయనకూ ఆఫ్ అనే కనిపించింది.

ట్యాంకి పొంగి, నీళ్ళు మెట్ల మీది నుంచి కిందికి దిగి, కరెంటు బోర్డు ముందర మడుగు కట్టాయి. అత్తమ్మ బోర్డు దగ్గరికి పోతూ కాలు జారి పడింది. కుడి చేతి మణికట్టు విరిగింది. కేక విని పక్కింటి పిల్లాడు వచ్చి మెయిన్ దించాడు. ఆ తడి నేల మీద నిలబడి, తడి చేత్తో ఆమె ఆ బోర్డు ముట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ భయమే. జగిత్యాలలో ఉండే మా వదినె వచ్చి ఆమెను జగిత్యాల దవాఖానకు తీసుకపోయింది. నేను వేములవాడ మీదుగా వెళ్ళేసరికి చేతికి పట్టీ వేసి ఉంది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన చెయ్యి అది. నన్ను చూసి "ఫోన్ ఏమంటుంది బిడ్డా?" అని నవ్వింది. ఆ నవ్వుకు నేను ఏడ్చాను.

కోరుట్లకు తిరిగి వచ్చాక, కరెంటు పని చేసే తమ్ముణ్ణి పిలిచి, ఈసారి పక్కనే నిలబడి చూశాను. అతను మొదట మెయిన్ దించాడు. మోటరు వైర్లు తీసి వాటి స్థానంలో మామూలు బల్బు తగిలించి మళ్ళీ మెయిన్ వేశాడు. "ఫోన్‌లో ఆఫ్ నొక్కు అక్కా" అన్నాడు. నొక్కాను. ఫోన్ ఆఫ్ అంది. బల్బు వెలుగుతూనే ఉంది. ఆన్, ఆఫ్, మళ్ళీ ఆన్, మళ్ళీ ఆఫ్. బల్బు ఆరలేదు.

లోపల రిలే అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులోని రెండు లోహపు బిళ్ళలు కలిస్తే కరెంటు పోతుంది, విడిపోతే ఆగుతుంది. మా స్విచ్ మీద పది ఆంపియర్లు అని రాసి ఉంది. మా ఒక హార్స్‌పవర్ మోటరు నడిచేటప్పుడు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే. లెక్క సరిపోయింది కదా అనుకుంటాం. కానీ మోటరు లేచే క్షణంలో దానికి నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ పది ఆంపియర్లు హీటర్ల లాంటి వాటికి చెప్పే లెక్క. రోజూ ఆ దెబ్బ తిని తిని బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫోన్‌లో కనిపించిన ఆఫ్ మనం ఇచ్చిన ఆజ్ఞే. మోటరు నిజంగా ఆగిందో లేదో ఆ స్విచ్‌కు తెలిసే దారే లేదు.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. పేక దారం తెగితే సాంచా తనంతట తాను ఆగే ఏర్పాటు దానిలో ఉండేది. దారం ఉందా లేదా అని ఒక చిన్న ఇనుప పుల్ల ముట్టుకుని చూసేది. పడుగు పోగు తెగితే మాత్రం ఆయన నడిపిన సాంచాలు ఆగేవి కావు, బాపు కళ్ళే చూసుకోవాలి. ఈ సంగతి చెప్పగానే ఆయన ఒక్కటే అడిగాడు. "నీ మిషను దారాన్ని ముట్టి చూస్తుందా, ఊకెనే చెప్తుందా?" సెన్సర్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న నాకు అక్కడ దొరికింది.

తర్వాత ఏది కొనాలో చూడటానికి ముందు వదినె ఇంటికే వెళ్ళాను. జగిత్యాలలో వాళ్ళ ట్యాంకికి స్టీలు కడ్డీల సెన్సర్ ఉంది. నీళ్ళు కడ్డీలను తాకితే వాటి గుండా చిన్న కరెంటు పారుతుంది, ట్యాంకి నిండిందని పెట్టెకు తెలుస్తుంది. ధర తక్కువ. కానీ వాళ్ళది కూడా అప్పటికే పొంగుతోంది. వదినె పెట్టె మార్చాలేమో అనుకుంటోంది. కరెంటు తమ్ముడు చెప్పిన చిట్కా అక్కడ పనికొచ్చింది. మెయిన్ దించి, కడ్డీల నుంచి వచ్చే రెండు వైర్లను విప్పి, ఒకదానికొకటి కలిపించి, మళ్ళీ మెయిన్ వేయించాం. పెట్టె వెంటనే నిండింది అని చూపింది. అంటే పెట్టె, వైరు రెండూ బాగున్నాయి, తప్పు కడ్డీల దగ్గరే. తీసి చూస్తే తెల్లగా సున్నం పట్టి ఉంది. మన బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున పట్టేదే. నిమ్మరసంలో నానబెట్టి తోమితే మళ్ళీ పని చేసింది. పెట్టె ఖర్చు మిగిలింది. అయితే మూడు నెలలకోసారి తోముకోవాల్సిందే.

రెండో రకం నీళ్ళను తాకకుండా పై నుంచి శబ్దం పంపి, అది తిరిగి వచ్చే సమయంతో దూరం కొలిచేది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎంత శాతం నిండిందో ఫోన్‌లో చెబుతుంది. కానీ మూత కింద ఆవిరి చెమటలా పట్టినా, నీళ్ళు పడే ధార పక్కనే ఉన్నా లెక్క తప్పుతుంది. మరీ దగ్గరికి వచ్చిన నీళ్ళను అది కొలవలేదు కూడా, అందుకని ట్యాంకి పైన కొంత ఎడం ఉంచాలి.

మూడోది తేలే బుడ్డి. బుడ్డిలో అయస్కాంతం ఉంటుంది. నీళ్ళతో పాటు పైకి వస్తే కడ్డీ లోపలి చిన్న స్విచ్ కలుస్తుంది. సున్నం పట్టినా కరెంటు నీళ్ళలో పారే పని లేదు కాబట్టి తొందరగా మోసం చేయదు. పాచి పట్టి బుడ్డి ఇరుక్కుంటే మాత్రం కష్టం. ట్యాంకి కడిగినప్పుడల్లా వేలితో ఒకసారి పైకి కిందికి కదిపి చూస్తే చాలు. నేను దీన్నే ఎంచుకున్నాను. సంపులో కూడా ఒకటి పెట్టించాను. మిషన్ భగీరథ నీళ్ళు సంపులోకే వస్తాయి, అక్కడి చిన్న మోటరు ఉత్తగా తిరిగి కాలిపోకూడదు కదా. బోరు మోటరుకు నీళ్ళు అందకపోతే అది లాగే కరెంటు తగ్గిపోతుంది. ఆ తగ్గుదల చూసి ఆపే పరికరం దానికి పెట్టించాను.

స్విచ్ సంగతికి వస్తే, వైఫై స్విచ్‌లో ఇప్పుడు మోటరు కరెంటు పారదు. మధ్యలో కాంటాక్టర్ పెట్టాం. చిన్న స్విచ్ కాంటాక్టర్‌కు సైగ చేస్తుంది, బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. తేలే బుడ్డి ఆపమంటే ఫోన్ ఏం చెప్పినా ఆగేటట్టు వైర్లు కలిపారు. మోటరుకు పోయే వైరు నుంచే ఒక ఎర్ర బల్బు తీసి వంటింట్లో పెట్టించాను. కాంటాక్టర్ అతుక్కుపోయినా సరే, మోటరుకు కరెంటు పోతుంటే ఆ బల్బు వెలుగుతుంది. ఇంకొకటి, తడి చోటు కాబట్టి ఎర్తింగ్ సరి చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. వీటన్నిటిలో మొదట కొనాల్సింది అదే. ఫోన్‌లో నడిచేవన్నీ దాని తర్వాతే.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ స్విచ్ ఏం చేస్తుందో కూడా సెట్టింగులో చూసుకోండి. మాది పాత స్థితికి వెళ్ళేలా ఉండేది, ఆఫ్‌లోనే ఉండేలా మార్చాను. పొలం మోటర్ల ఆటో స్టార్టర్లు మనకు తెలిసినవే. రాత్రి పూట కరెంటు వచ్చే రోజుల్లో పాములకు, షాకులకు భయపడి రైతులు వాటిని పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, అవి ఉంటే మోటర్లు ఆగకుండా నడిచి భూమిలో నీళ్ళు అడుగంటుతాయని, తీసేయమని ప్రభుత్వమే అడిగింది. ఒకప్పుడు ప్రాణం కాపాడిన ఆటోనే రోజులు మారాక వద్దనాల్సి వచ్చింది.

కదలిక సెన్సర్ మెట్లకు పెట్టాం. మొదట గోడకు పెడితే మే నెలలో సరిగ్గా పని చేయలేదు. అది ఒంటి వేడిని చూసి మనిషిని గుర్తుపడుతుంది. ఎండకు కాగిన గోడ, గాలి కూడా ఒంటి అంత వేడి ఉంటే దానికి తేడా తెలియదు. పైగా ఎదురుగా నడిచి వచ్చే మనిషి కన్నా అడ్డంగా దాటే మనిషిని బాగా పడుతుంది. నీడ పట్టున, మెట్లకు పక్కగా మార్చాక ఇప్పుడు అత్తమ్మ మొదటి మెట్టు ఎక్కగానే లైటు వెలుగుతోంది.

ఇక మిగిలింది కెమెరా. అత్తమ్మ పడ్డాక మా ఆయన పట్టుబట్టారు, హాల్లో పెట్టమని. "అది ఉంటే నేను చూసేవాణ్ణి" అన్నారు. అత్తమ్మ ఫోన్ తీసుకుంది. "కొడుకా, నేను కొంగు జారేసుకొని కూసుంట, కాళ్ళు జాపుకుంట, ఒక్కోసారి ఒంటిగ ఏడుస్త. గదంత నీకు కనవడాల్నా?" అంది. చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. నాకూ ఆమెతో పాటు నోరు వచ్చింది. "నీళ్ళు ఎంత ఉన్నాయో చెప్పే సెన్సర్ చాలు, మేం ఎక్కడ కూర్చున్నామో చెప్పేది వద్దు" అన్నాను. కెమెరా గేటు దగ్గర బయటికి తిప్పి పెట్టాం. ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తున్నారు. వాళ్ళమ్మ కనిపించాలని అనిపిస్తే, ముందు వాళ్ళమ్మే ఫోన్ ఎత్తాలి.

పట్టీ తీసి నాలుగు నెలలైంది. అత్తమ్మ చెయ్యి మునుపటిలా తిరగదు, బీడీలు సగానికి తగ్గాయి. మోటరు తనే లేచి తనే ఆగుతోంది. అయినా నీళ్ళు పడుతుంటే ఆమె చెవి అటే ఉంటుంది. నేను ఊరు పోయినప్పుడు ఫోన్‌లో చూస్తాను కానీ, ముందు ఇంటికి ఫోన్ చేస్తాను.

"అత్తమ్మా, చప్పుడు ఎట్లుంది?"

"సన్నబడ్డది బిడ్డా. ఇగ ఆగుతది."