పలికే చిరునామాలు

మా చిన్నతనంలో మేమున్న ఇంటికి డోరు నంబరు ఒకటే, లోపల మాత్రం ఏడు పోర్షన్లు. పోస్టుమాను వీధి గుమ్మంలో నిలబడి పేరు పెట్టి కేకవేసేవాడు. ఎవరిదో వారు పలికి ఉత్తరం అందుకునేవారు. ఎవరూ పలకకపోతే ఉత్తరం తిరిగి ఆయన సంచిలోకే వెళ్ళిపోయేది. గోడమీద అంకె ఉన్నంత మాత్రాన చాలదని, లోపలినుంచి ఒకరు పలకాలని నాకు అప్పుడే తెలిసి ఉండవలసింది. తెలియడానికి నలభయ్యేళ్ళూ, ఒక రౌటరూ కావలసివచ్చాయి.

తెనాలిలో మా అక్కయ్యా బావా ఒక రక్తపరీక్షల ల్యాబు నడుపుతారు. చుట్టుపక్కల ఊళ్ళలో నమూనాలు సేకరించే కేంద్రాలు మూడున్నాయి. 2019 వానాకాలంలో ఒకనాడు బావ ఫోను చేశారు.

"ఏమోయ్, మన రౌటరు రోజుకు రెండుసార్లు చచ్చి బతుకుతోంది. మంచిది చూసి కొత్తదొకటి పట్రా. నీకైతే తెలుస్తుంది."

కంప్యూటర్ల మీద బతికేవాడికి బంధువులు ప్రదానం చేసే బిరుదు "నీకైతే తెలుస్తుంది". నేను ప్రోగ్రాములు వ్రాసుకునేవాణ్ణి. రౌటర్లతో నా పరిచయం ఇంట్లో ఉన్నదాన్ని ఆపి మళ్ళీ వెయ్యడం వరకే. అయినా అక్కగారింట్లో ఆ మాట కాదనుకునే నిగ్రహం నాకు లేకపోయింది. హైదరాబాదులో ఒక రౌటరు కొని, శనివారం రాత్రి రైలెక్కాను.

కనెక్షను ఇచ్చిన సంస్థ వారు ల్యాబుకు ఎనిమిది పబ్లిక్ చిరునామాల వరస ఒకటి కేటాయించి ఉన్నారు. అసలు అంకెలు ఇక్కడ వ్రాయడం భావ్యం కాదు గనుక, ఉదాహరణల్లో వాడుకొమ్మని 2010లో పక్కన పెట్టిన వరసను తీసుకుంటాను: 203.0.113.8 నుంచి 203.0.113.15 దాకా. ఎనిమిది అన్నారు గదా అని ఎనిమిదీ మనవి కావు. 8 ఆ వరస మొత్తానికీ పేరు. 15 అందులో ఉన్నవారందరినీ ఒక్కసారిగా పిలిచే కేక. 9 సంస్థవారి గుమ్మం, అంటే గేట్‌వే. మనకు మిగిలేవి 10 నుంచి 14 దాకా, అయిదు. నెట్‌మాస్కు దగ్గర 255.255.255.248 అని వ్రాయాలి. 256లోంచి ఎనిమిది తీసేస్తే వచ్చేది 248. అందులో అంతకు మించిన మర్మమేమీ లేదు.

ఈ రోజుల్లో అయిదు దొరకడమూ విశేషమే. 1981లో ఖాయపరచిన పద్ధతిలో చిరునామాకు 32 బిట్లు. ఎన్ని విధాల మార్చి వ్రాసినా 429 కోట్ల పైచిలుకు మించి రావు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలో మిగిలిన ఆఖరి కట్టలను కూడా అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఇన్నాళ్ళూ లోకం నెట్టుకొస్తున్నది మా చిన్ననాటి ఇంటి పద్ధతిలోనే. 192.168 వంటి అంకెలతో మొదలయ్యే లోపలి చిరునామాలు ఎవరింట్లో వారు పెట్టుకోవచ్చు, గడప దాటితే అవి చెల్లవు. బయటికి ఇంటిల్లిపాదికీ ఒకటే డోరు నంబరు.

మరి ల్యాబుకు ఒకటి ఎందుకు చాలలేదంటే, రోగులు తమ రిపోర్టులు తీసుకునే సర్వరూ, కేంద్రాల వారు వాడే సర్వరూ రెండూ 443 అనే పోర్టు మీదనే కూర్చుంటామన్నాయి. ఒక చిరునామాలో 443వ తలుపు ఒక్కటే ఉంటుంది. అందుచేత రౌటరుకూ, తక్కిన కంప్యూటర్లన్నిటికీ కలిపి 10, రిపోర్టులకు 11, కేంద్రాలకు 12. బయట 11కు వచ్చినదాన్ని లోపల రిపోర్టుల సర్వరుకు, 12కు వచ్చినదాన్ని రెండో సర్వరుకు ఒకటికి ఒకటిగా అప్పగించాలి. కాగితం మీద ఇంతే సంగతి.

ఆదివారం ఉదయం పది గంటలకు పాత రౌటరు తీసి కొత్తది తగిలించాను. లోపలి కంప్యూటర్లన్నీ క్షణాల్లో బయటి లోకాన్ని అందుకున్నాయి. బావ కాఫీ తెప్పించారు. ఆ కాఫీ చల్లారకముందే ఒక కేంద్రంనుంచి ఫోను: "సార్, తెరుచుకోవడం లేదు." నా సెల్‌ఫోనులో ప్రయత్నించాను. 10 పలుకుతోంది. 11 పలకదు, 12 పలకదు.

తరువాత మూడు గంటలు నేను చేసినదల్లా అమర్చినదాన్ని చెరిపి మళ్ళీ అమర్చడం. చివరికి ఫైర్‌వాల్ మీద అనుమానం వచ్చి, 11కు ఎవరు ఏ తలుపు తట్టినా రానిమ్మని ఒక నియమం వ్రాశాను. అయినా పలకలేదు. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి, నేను మరచిపోయాను.

ఒంటిగంట దాటాక, వచ్చే పొట్లాలను గుమ్మంలోనే పట్టి చూపే సదుపాయం ఒకటి రౌటరులో ఉందని గమనించి తెరిచాను. 11కు పొట్లాలు వస్తూనే ఉన్నాయి! కాని ప్రతిదాని మీదా అందుకోవలసిన యంత్రం గుర్తుగా వేరే ఎవరిదో మాక్ చిరునామా ఉంది. ఆ అంకెలు ఎక్కడో చూసినట్టనిపించింది. బల్ల కింద పడి ఉన్న పాత రౌటరును తిరగేసి చూశాను. దాని వీపున అంటించిన కాగితం మీదివే అవి.

సంగతి ఏమంటే, 203.0.113.11 అని పిలుపు వస్తే గేట్‌వే "పదకొండు ఎవరు?" అని గుమ్మంలో కేకవేస్తుంది. పలికిన యంత్రపు గుర్తును తన చిట్టాలో వ్రాసుకుంటుంది. 1982లో ప్రకటించిన ఈ ఏర్పాటును ఏఆర్‌పీ అంటారు. మాటిమాటికీ కేకవెయ్యకుండా ఆ చిట్టాను కొంతసేపు నమ్ముతుంది. కొన్ని పరికరాలలో ఆ కొంతసేపు నాలుగు గంటలు. 10 ఎందుకు పలికిందంటే, కొత్త రౌటరు ఆ పేరుతో తానే ముందుగా గేట్‌వేను పలకరించింది, చిట్టాలో ఆ వరుస మారిపోయింది. 11, 12ల పేరున ఎవరూ నోరు విప్పలేదు. పాతకాపు ఇల్లు ఖాళీ చేసిన కబురు తెలియక, గేట్‌వే ఉత్తరాలన్నీ అతని పేరునే వేస్తోంది.

రౌటరు చేత 11 పేరున ఒకసారి, 12 పేరున ఒకసారి గేట్‌వేకు పింగ్ కొట్టించాను. అంతే. రెండూ పలికాయి. ఆ ఆనందంలో భోజనం చేసి, అక్కయ్య కట్టిచ్చిన గోంగూర పచ్చడితో సాయంత్రం రైలెక్కాను.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది వ్రాసేవాణ్ణి కాదు.

బుధవారం రాత్రి అక్కయ్య ఫోను చేసింది. "ఒరేయ్, రిపోర్టులు చాలా నెమ్మదిగా వస్తున్నాయిరా. ఒకసారి చూడు." దూరంనుంచే సర్వరులోకి వెళ్ళి లాగ్ తెరిచాను. అడ్మిన్, టెస్ట్, యూజర్ అంటూ రకరకాల పేర్లతో ఎవరెవరో రిమోట్ డెస్క్‌టాప్ తలుపు దగ్గర సంకేతపదాలు ఊహించి ఊహించి ప్రయత్నిస్తున్నారు. నిమిషానికి పదుల సంఖ్యలో. ఎవరూ మనుషులు కారు; తెరిచి ఉన్న తలుపుల కోసం లోకమంతా తిరిగే యంత్రాలు. ఆదివారం నేను వ్రాసి మరచిన నియమం అప్పుడు గుర్తుకు వచ్చింది. చెమటలు పోశాయి. ముందు ఆ నియమం తీసేశాను. తరువాత కూర్చుని ఆలోచించాను.

ఆ సర్వరులో ఉన్నవి ఏమిటి? ఒక ఊరి రహస్యాలు. ఎవరికి చక్కెర ఉన్నదో, ఎవరి కడుపు పండిందో, ఎవరు హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నారో. పేరూ వయసూ ఫోను నంబరుతో సహా. ల్యాబుకు వచ్చినవాళ్ళు వాటిని నాకు అప్పగించలేదు, మా బావకు అప్పగించారు.

లాగ్‌లో ఎవరూ లోపలికి వచ్చిన ఆనవాలు లేదు. కాని లాగ్ నిండిపోయినప్పుడు పాతవి చెరిగి కొత్తవి చేరతాయి. ఆ ప్రయత్నాల వరదకు అందులో మిగిలినది ముందటి రాత్రినుంచే. ఆది, సోమవారాల్లో ఏం జరిగిందో చెప్పేవారు లేరు. "ఏమీ కాలేదు బావా" అని చెప్పి ఊరుకోవచ్చు. నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన వచ్చింది. అడిగేవారెవరూ లేరు కూడా.

తెల్లవారి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. బావ కాసేపు మాట్లాడలేదు.

"వచ్చారో లేదో చెప్పలేనంటావు."

"చెప్పలేను బావా. వచ్చిన గుర్తు కనబడలేదని మాత్రమే చెప్పగలను."

"మా దగ్గర గొట్టం మీద పేరు సరిగ్గా లేకపోతే ఆ రక్తం పారబోస్తామోయ్. అది ఎవరిదో మాకు తెలిసినా సరే. మళ్ళీ పిలిచి, మళ్ళీ గుచ్చుతాం. తిట్టుకుంటారు. తిట్టుకోనీ." ఒక్క క్షణం ఆగి, "నీ సర్వరుకూ అంతే చెయ్యి. నా వైపు ఎవరికి చెప్పాలో వాళ్ళకి నేను చెబుతాను," అన్నారు.

శుక్రవారం సెలవు పెట్టి మళ్ళీ తెనాలి వెళ్ళాను. సర్వరు మొత్తం తుడిచి, ఆదివారానికి ముందటి బ్యాకప్ నుంచి తిరిగి కట్టాను. సోమవారంనుంచి చేరిన రిపోర్టులను ఇద్దరు అమ్మాయిలు ల్యాబు రిజిస్టరు చూసి మళ్ళీ ఎక్కించారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉండింది. 11కు, 12కు 443 ఒక్కటే తెరిచి ఉంచాను. రిమోట్ డెస్క్‌టాప్ కావలసినవారు ముందు వీపీఎన్ గుండా రావలసిందే. సంకేతపదాలన్నీ మార్చాం.

ఇన్నాళ్ళూ పలకకపోవడమే చిరునామాకు జబ్బు అనుకున్నాను. ఎవరు పిలిచినా పలకడం కూడా జబ్బేనని ఆ వారంలో తెలిసింది. మొదటిదానికి ఫోను వస్తుంది, రెండోదానికి రాదు. మా ఇంటి ఏడు పోర్షన్లలో పెద్దవాళ్ళు గడప దగ్గరే నిలబడి "ఎవరు కావాలి? ఎందుకు?" అని ఆరాలు తీస్తుంటే అప్పట్లో మాకు విసుగ్గా ఉండేది.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద ఏ చిరునామాకు ఎవరు పలుకుతారు, ఏ తలుపు తెరిచి ఉంది, ఎందుకు తెరిచి ఉంది అని వ్రాసి రౌటరు పక్కన గోడకు అంటించాను. బావ కళ్ళజోడు పెట్టుకుని అది చదివారు.

"13, 14 ఖాళీగా ఉన్నాయే. డబ్బు కడుతున్నాం గదా, వాటినీ దేనికైనా వాడకూడదూ?"

"పలకవలసిన పని ఏదైనా వస్తే వాడదాం బావా. అందాకా అలా ఉండనివ్వండి."

ఆ రెండూ ఈనాటికీ ఖాళీగానే ఉన్నాయి.