వరుసలో నిలిచిన పని

జాలపుటలో మీట నొక్కగానే కొంత పని మన కళ్ళయెదుట జరుగుతుంది, కొంత వెనుక జరుగుతుంది. తెలుగు వికీపీడియాలో వ్రాసిన మిత్రులకు ఇది అనుభవమే. వేలాది పుటలలో వాడిన మూసను మార్చితే అవన్నీ ఆ క్షణమే మారవు. ఆ పని వరుసలో చేరి మెల్లగా సాగుతుంది. వచ్చినవారిని నిలబెట్టి చేయరాని పనిని చీటీ మీద వ్రాసి వరుసలో పెట్టడం, వెనుకనున్న సేవక ప్రోగ్రాము ఒక్కొక్క చీటీ తీసి చేయడం, ఇదే పద్ధతి. ఈ వరుసను నడిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు అనేకం. వాటిలో ఏది ఎంచుకోవాలన్నదే ఈ టపా విషయం. తెలుగు పండితునికి ఇందులో ప్రవేశమేమిటని నవ్వుకునేవారికి కారణం చెబుతాను.

1947 సెప్టెంబరు 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం ఏలుబడిలోనే ఉండిన మా పరకాలలో, జాతీయ జెండా ఎగురవేయ వచ్చిన జనంపై కాల్పులు జరిగాయి. ఊరిలోని అమరధామం ఆ మృతుల స్మారకమే. ఆ దినం గురించి వృద్ధులు చెప్పే మాటలను ఫోనులో పట్టి ఒకచోట చేర్చాలని నేనూ, నా పూర్వవిద్యార్థి ఒకడూ పూనుకున్నాము. వచ్చిన ప్రతి ధ్వనిముద్రణనూ శుభ్రపరచి, చిన్న ఫైలుగా మార్చి, పుటకెక్కించే పని వరుసలో జరగాలి. అతడు రూబీ ఆన్ రైల్స్‌లో వ్రాస్తున్నాడు.

"సైడ్‌కిక్ పెడదాం సార్, చాలా వేగం" అన్నాడు.

"వేగం సరే బిడ్డా, పని సగంలో ఉండగా యంత్రం ఆగిపోతే ఆ చీటీ ఏమవుతుంది?" అని అడిగాను.

ఎంపికకు ఈ ఒక్క ప్రశ్నే గీటురాయి అని నా అభిప్రాయం. 2012లో వెలువడిన సైడ్‌కిక్ పేరెన్నికగన్నది. దోషం తగిలి ఆగిన పనిని సుమారు 3 వారాలలో 25 మార్లు మరల ప్రయత్నిస్తుంది. అయితే ఉచిత ప్రతిలో, సేవకుడు చీటీని రెడిస్ నుండి అందుకున్న క్షణమే అది వరుస నుండి తొలగిపోతుంది. ప్రోగ్రామే హఠాత్తుగా కూలితే చేతిలోని చీటీ దానితోపాటే పోతుంది. ఆ లోటు తీర్చే ఏర్పాటు రుసుము చెల్లించే ప్రతిలో ఉన్నది.

రెండవది, ఆధారపడిన వస్తువు లైసెన్సు. రెడిస్ 2024 మార్చిలో తన బీఎస్‌డీ లైసెన్సును విడిచింది. ఆ నెలలోనే లినక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ అనే శాఖ మొలిచింది. 2025 మేలో రెడిస్ ఏజీపీఎల్‌ను కూడా చేర్చి మరల స్వేచ్ఛామార్గానికి వచ్చింది. ఏళ్ళ తరబడి నిలవవలసిన పనికి ఇటువంటి మలుపులను లెక్కలోకి తీసుకోక తప్పదు.

మేము చివరకు సాలిడ్ క్యూను ఎంచుకున్నాము. 2024 నవంబరులో వచ్చిన రైల్స్ 8 దీనినే సహజ ఎంపికగా ఇస్తున్నది. దీనికి వేరే గిడ్డంగి అక్కరలేదు; చీటీలు డేటాబేసులోనే ఉంటాయి. ధ్వనిముద్రణ వివరమూ, దాని చీటీ ఒకే డేటాబేసులో, ఒకే లావాదేవీలో వ్రాస్తే రెండూ నిలుస్తాయి, లేదా రెండూ నిలవవు. సేవకుడు కూలితే ఆ పని విఫలమైనదిగా నమోదై కనబడుతుంది. లక్షల చీటీలు వచ్చిపడే చోట రెడిస్ వేగం అవసరమే కావచ్చు. మాకు రోజుకు పది రావడమే గొప్ప.

ఏది ఎంచుకున్నా ఒక జాగ్రత్త తప్పదు. ఒకే పని రెండు మార్లు జరిగినా ఫలితం ఒక్కటిగానే ఉండాలి. హాజరు రెండు మార్లు పిలిచినంత మాత్రాన తరగతిలో పిల్లలు రెట్టింపు కారు కదా! అట్లే మరల నడిచిన పని అదే ఫైలును తిరిగి వ్రాయాలి గాని, రెండవ ప్రతిని పుట్టించరాదు.

మూల ధ్వనిముద్రణ ఎటూ భద్రంగానే ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది. కాని చీటీ పోతే అది ఎవరి చెవికీ చేరక మూలన పడి ఉంటుంది. పోయిందన్న సంగతే తెలియదు. మాకు మాట చెప్పిన అవ్వ ఒకామె తరువాత రెండు నెలలకే కాలం చేసింది. ఆమెను మరల అడుగలేము. అందుకే విఫలమైన పనుల పట్టీని ప్రతి ఉదయం చూడడం నా వంతుగా పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు హాజరు పట్టీ చూచినవానికి, రానివాడు ఎవడో కనిపెట్టడం కొత్త విద్య కాదు.