మూడో బంతి

మనకి తెలిసిన బంతులు రెండే. ఒకటి దసరాకి గుమ్మానికి కట్టేది, రెండోది పెళ్ళిళ్ళలో విస్తళ్ళు వేసేది. మూడో బంతి ఒకటుందనీ, దాన్ని కాలితో తన్నాలనీ మా అమ్మాయి ఎనిమిదో తరగతికొచ్చాక మా ఇంట్లో తెలిసింది.

"ఫుట్‌బాల్ బూట్లు కావాలమ్మా" అంది. "కాలు విరిగితే రేపు పిల్లనెవరు చేసుకుంటారు?" అన్నారు అత్తయ్యగారు. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా కల్లూరులో తీర్పులన్నీ చివరికి వంటింటికే వస్తాయి.

ఆ రాత్రి కూర తరుగుతూ అత్తయ్యగారికి తులసీదాస్ బలరాం కథ చెప్పాను. సికింద్రాబాదు అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు. పాత పోలీసు బూట్లు చెప్పులు కుట్టేవాడిచేత బాగుచేయించుకుని ఆడేవాడని చెబుతారు. హైదరాబాదు రహీంగారు, పూర్వం బడిపంతులు, అతన్ని చేరదీశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగోది. అందులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడే రహీంగారు క్యాన్సర్‌తో పోయారు. బలరాంకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఇరవయ్యేడేళ్ళకే పెద్ద ఆట ముగిసింది. పెళ్ళి చేసుకోలేదు. 2023లో కలకత్తాలో కన్నుమూశాడు.

"చూశావా మరి!" అన్నారు అత్తయ్యగారు. నిజమే. ఆట ఇచ్చినంతా ఇచ్చి, తీసుకునేదీ తీసుకుంటుంది. కానీ జబ్బు ఆడనివాళ్ళకి రాదా? కాళ్ళు గడప దాటకుండానే అరిగిపోయిన ఆడవాళ్ళు మన వీధిలో ఎంతమంది లేరు? ఆ మాట పైకే అన్నాను.

తర్వాత గుగులోత్ సౌమ్య సంగతి చెప్పాను. నిజామాబాద్ వైపు తండా పిల్ల. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి ఆడింది.

"ఒక్కతే వెళ్ళిందా?"

"జ్యోతి చౌహాన్ అని ఇంకో అమ్మాయి తోడుగా వెళ్ళింది అత్తయ్యా."

ఇంకేం మాట్లాడలేదావిడ. పొద్దున్నే మావారు ఖమ్మం బయల్దేరుతుంటే, మనవరాలి పాదం కింద చీపురుపుల్ల పెట్టి కొలిచి, విరిచి, కొడుకు చేతికిచ్చారు.

"కాస్త వదులువి చూసి తేరా. ఎదిగే పిల్ల!"