బెల్టు బిగువు

మోకాలి శస్త్రచికిత్స పిమ్మట, వైద్యుల సలహాపై, మా నాన్నగారు ఇంట వ్యాయామ సైకిలు తొక్కుతున్నారు. కొన్నాళ్లకు దాని బెల్టు జారి కీచుమనసాగింది. బ్రేకుతో చక్రాన్ని బిగబట్టి పెడలు నొక్కగా, చక్రం కదలకనే పెడలు సాగిపోయింది. పొరుగువారు నూనె వేయుమన్నారు. నూనె తగిలిన బెల్టు మరింత జారును గదా! ఇరుసు నట్లు వదులు చేసి, ఇరువైపుల సర్దుబాటు బోల్టులను రెండేసి చుట్లు బిగించాను. చప్పుడు పోయింది, మురిసిపోయాను.

మరునాటి నుండి నాన్నగారు ఐదు నిమిషాలకే దిగిపోసాగారు. "కాళ్లలో సత్తువ ఉడిగిందిరా" అన్నారు. నేనూ నమ్మాను.

నాలుగవనాడు నేనెక్కి చూతును గదా, బ్రేకు పూర్తిగా వదిలినా పెడలు బరువే! అతిగా బిగిసిన బెల్టు బేరింగులను అదుముతున్నది. పావు చుట్టు చొప్పున, రెండువైపులా సమంగా వదులు చేస్తూ, జారనంత బిగువు దగ్గర ఆపాను.

ఆ సాయంత్రం ఆయన 20 నిమిషాలు తొక్కారు. తప్పు నాదని నేటికీ చెప్పలేకపోయాను.