పిడికెడు చావల్

2020 రంజాన్. మసీదులకు తాళాలు. తరావీహ్ కూడా ఇళ్ళల్లోనే. కల్లూరులో మా గల్లీ అంటే పంక్చర్ షాపులు, వెల్డింగ్, ఆటోలు. అన్నీ బంద్. నా హాల్ కూడా అంతే. పేపర్లో కంట్రిబ్యూటర్‌ని, వార్త అచ్చయితేనే పైసలు. పేజీలు తగ్గాయి, లైన్ అకౌంట్ ఆగింది. సర్కార్ మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. మాకు కార్డే లేదు.

ఒకరోజు అసర్ తర్వాత పాస్టరమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు సంచులు మోసుకుని గల్లీలోకి వచ్చారు. బియ్యం, పప్పు, నూనె. మా గడప ముందూ ఒక సంచి పెట్టారు. లోపలి నుంచి అమ్మీ గొంతు: "హమారే ఘర్‌కు గిర్జేకా చావల్?" ఫిత్రా ఇచ్చిన చేతులు ఆమెవి. తీసుకోవడం ఆదత్ లేదు.

నాకూ గుచ్చుకుంది. ఇలాంటి పంపిణీలు ఎన్ని కవర్ చేశానో! ఒక్క ప్యాకెట్‌ని పదిమంది పట్టుకున్న ఫోటోలు నేనే పంపాను. ఇప్పుడు ఫోటోలో నేనుంటానా అని డర్. అలవాటుగా ఫోన్ తీస్తే పాస్టరమ్మే, "ఫోటోలొద్దు భాయ్" అంది.

ఉండబట్టలేక అడిగేశాను: "ఇది తీసుకుంటే ఆదివారం చర్చికి రమ్మంటారా?"

ఆమె నవ్వింది. "రమ్మంటే మీరొస్తారా? రోజా ఉన్నోళ్ళ ఇంట్లో పొయ్యి వెలగాలి గదా."

నాకు షరం అనిపించింది.

ఆ రాత్రి అమ్మీ బియ్యం చాటలో పోసి చూసింది. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వండితే సగం మెత్తగా, సగం పలుకుగా వచ్చింది. సెహరీలో నేను మొహం చిట్లించాను. అమ్మీ మాత్రం, "ఇది ఒక్క ఇంటి బియ్యం కాదు బేటా" అంది.

నిజమే. తర్వాత పాస్టరమ్మను అడిగి తెలుసుకున్నాను. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం తెచ్చి కలుపుతారు. మిర్చి కోతలకు పోయే కూలీలే ఎక్కువ.

ఈ రివాజు మన ఇలాఖాలో పాతదే. 1909లో తమిళ దేశం నుంచి అజరయ్య అనే ఆయన నిజాం రియాసత్‌లోని డోర్నకల్‌కి వచ్చారు. 1912లో ఆంగ్లికన్ చర్చికి మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన దగ్గర చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. గరీబులు కూడా ఇవ్వగలరని ఆయన యఖీన్. ఇచ్చేవాడి ఇజ్జత్ వాళ్ళకూ దక్కాలని పిడికెడు బియ్యం నేర్పారు. 1939లో పూర్తయిన డోర్నకల్ చర్చి ముందు ఒకసారి నిలబడ్డాను. గుంబద్‌లు, మినార్లు! మసీదుకి వచ్చానా అనుకున్నాను.

మనకు జకాత్ ఉంది. దానికి నిసాబ్ ఉంది, అంత దౌలత్ లేనివాడి మీద అది ఫర్జ్ కాదు. మరి సదఖా? దానికి నిసాబ్ లేదు, పడోసీ మజహబ్ అడగాల్సిన పనీ లేదు. ఇది మదర్సాలో చదువుకున్నదే. కానీ మా ఇంట్లో అమల్లోకి వచ్చింది ఆ కలగూర బియ్యం తిన్నాకే. ఆ ఈద్ తర్వాత అమ్మీ ఒక పాత డాల్డా డబ్బా కడిగి పొయ్యి పక్కన పెట్టింది. రోజూ బిస్మిల్లా అని ఒక పిడికెడు.

2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళు మునిగాయి. చర్చి వాళ్ళ ఆటో ఖమ్మం బయల్దేరుతోందని తెలిసి అమ్మీ డబ్బా నా చేతికిచ్చింది. నేను వాళ్ళ బస్తాలో గుమ్మరించి తిరిగొచ్చాను. అమ్మీ గడపలోనే ఎదురుచూస్తోంది.

"చెప్పావా వాళ్ళకి? మన బియ్యం పాతవి, నీళ్ళు కాస్త ఎక్కువ పడతాయి."

చెప్పలేదు. మళ్ళీ ఉరికాను.