లెస్టర్ పేజీ దగ్గర ఆగిపోయా

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ 2015-16 సీజన్ మీద అచ్చంగా అంకెలతో ఒక చిన్న పుస్తకం డిజైన్ చేస్తున్నా. 20 జట్లు, 380 మ్యాచ్‌లు. జట్టుకో పేజీ అనుకున్నా.

లెస్టర్ సిటీ దగ్గర చెయ్యి ఆగింది. 23 గెలుపులు, 12 డ్రాలు, మూడంటే మూడే ఓటములు. 81 పాయింట్లతో ఛాంపియన్లు, రెండో స్థానంలోని ఆర్సెనల్ కంటే 10 ఎక్కువ. కానీ బంతి తమ దగ్గర ఉంచుకున్న సమయం చూస్తే లీగ్‌లో అడుగు వరసల్లో ఒకటి! చాలామంది పేజీ పైన పెద్దగా వేసేది ఆ శాతమే. అదొక్కటే చూసినోళ్లు వీళ్లు ఓడిపోయారనే అనుకుంటారు. నేను దాన్ని కిందికి దించేసి, కొట్టిన గోల్స్ 68, ఇచ్చినవి 36 అని పైన పెట్టా.

తర్వాత జేమీ వార్డీ. 24 గోల్స్, గడిలో చక్కగా పడుతుంది. ఫ్యాక్టరీలో పని చేస్తూ చిన్న క్లబ్బుకి ఆడిన రోజులకు మాత్రం గడి లేదు. ర్యాంకుల లిస్టు చూసినప్పుడల్లా మన హాస్టల్ పిల్లల గురించి నాకు ఇదే అనిపిస్తుంది. ఎంత దూరం నడిచి బడికెళ్లారో అందులో ఉండదు కదా.

అలాగని కథలు నింపితే అది అంకెల పుస్తకం కాదు. అందుకే గోల్స్ పక్కన ఒక్క గడి కలిపా: ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ నాటి వయసు. రూనీకి 16. వార్డీకి 27.

అట్ట బొమ్మ ఇంకా కాలేదు. గీసేవాళ్లుంటే చెప్పండి.